కొత్త ప్రోబ్, నా గుండె

బాతెల్, మంగళవారం

అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ని, అంటే ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరాన్ని, తయారుచేసినవాళ్లే ముందుగా తమ ఒంటిమీద పెట్టి చూసుకోవాలి. మా ల్యాబ్‌లో ఇది డీటర్ గారి నియమం. ఎనభై దాటిన ఈ జర్మన్ డాక్టరు కుర్రతనంలో తన మొదటి మెషీన్‌ని తన గుండె మీదే పరీక్షించుకున్నారట.

ఈరోజు నా వంతు. తెర మీద నా గుండె కవాటం దగ్గర రక్తం వెనక్కి చిమ్ముతున్నట్టు కనిపించింది. తప్పు ప్రోబ్‌దే అనుకుని గంటసేపు సెట్టింగులు మార్చాను.

"ఇంకా ట్యూన్ చేస్తున్నావా తల్లీ? గుండె నీదేనా, ఎవరిదైనా తెచ్చుకున్నావా?" అని పక్క టేబుల్ నుంచి ప్రవీణ్ నవ్వాడు.

డీటర్ గారు వచ్చి ప్రోబ్‌ని తన ఛాతీ మీద పెట్టుకున్నారు. బొమ్మ శుభ్రంగా వచ్చింది.

"మెషీన్ బాగానే ఉంది," అన్నారు మెల్లగా. తన మొదటి బొమ్మలోనూ ఏదో లోపం కనిపించిందట. తప్పు మెషీన్ మీదికి నెట్టేసి, పరిస్థితి ఆపరేషన్ దాకా వచ్చేవరకు ఎవరికీ చెప్పలేదట.

"డాక్టర్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు," అన్నారు.

రూమ్మేట్ వస్తుందని చెప్పాను. నిజానికి నా రూమ్మేట్ లావణ్య ఈ ఊరు వదిలి ఫ్రిస్కోకి మారిపోయి నెలయింది.

ఇందాక ఆన్‌లైన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేస్తుంటే ఫారం వెంట వచ్చేవారి పేరు అడిగింది. ఆ గడిలో డీటర్ గారి పేరు రాశాను. ఆయన్ని ఇంకా అడగలేదు. అడగాలంటే ముందు, నాకు రూమ్మేట్ లేదని ఒప్పుకోవాలి...