కొలత కర్ర మీద తడి

ఉయూనీ ఉప్పు మడుల్లో కష్టపడుతున్న నా ఆబ్దోన్‌కు,

ఇక్కడ అత్తా, పిల్లలిద్దరూ, నేనూ కులాసా. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. ఉప్పుకి చేతులు పగిలాయని రాశావు. మన మందలోని లామా కొవ్వు పంపుతున్నాను, సిగ్గుపడకుండా రాసుకో.

రూఫినాకు ముందు పళ్ళు ఊడాయి. నవ్వితే అచ్చం మీ అమ్మే. ఆ మాట అన్నందుకు అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పడవకు తారు పూశావా అని అడిగావు. పూయలేదు. రేడియోలో మన సరస్సు మట్టం తొంభై సెంటీమీటర్లని విని, నెలాఖరుకి పని మానేసి చేపల వేటకు వచ్చేస్తానన్నావు. ఆబ్దోన్, సరస్సులో నీళ్ళు లేవు. నువ్వెళ్ళిన నెలకే ఎండిపోయింది. ఫ్లెమింగో ఒక్కటీ లేదు. నువ్వు నాకు అప్పజెప్పిన కొలత కర్ర బీటల మధ్య నిలబడి ఉంది. రేడియోలో చదవడానికి ఆఫీసుకి పంపే లెక్కలన్నీ నేను కల్పించినవే. నీళ్ళు లేవంటే నువ్వు రావు కదా!

అంతటితో పోయినా బాగుండేది. నైవేద్యంగా కోకా ఆకు చల్లి, లెక్క ముందు సరస్సుకు వినిపించి, ఆ తర్వాతే పుస్తకంలో ఎక్కిస్తాం కదా. అలవాటు కొద్దీ ఎండు మట్టికేసి "ముప్పై" అని అరిచాను. మర్నాడు పొద్దున చూస్తే కర్ర సరిగ్గా ముప్పై దాకా తడిసి ఉంది. చుట్టూ మట్టి మాత్రం పొడిపొడి. యాభై అన్నాను, యాభై దాకా తడి. అబద్ధమెందుకు, సంబరపడ్డాను. పెంచుకుంటూ పోయాను.

అత్త పసిగట్టింది. "ఒసే, సరస్సుతో అబద్ధమాడావా? మన మాట అది నమ్ముతుందే, పిచ్చిదానా!" అని తల బాదుకుంది.

"ఎండిపోయినదానికి చెవులెక్కడివి అత్తా?" అని ఎకసెక్కమాడాను.

నిన్న నూట ఇరవై అన్నాను. ఈ పొద్దున లేచి చూస్తే ఇంటి గోడలు లోపలివైపు అంత ఎత్తు దాకా తడిసి ఉన్నాయి. దుప్పట్లు తడవలేదు. పిల్లల జుట్టు మాత్రం నీళ్ళోడుతోంది. రూఫినా పెదవులు నీలంగా ఉన్నాయి. "నాన్న పడవ నా మీదుగా పోయిందమ్మా. పిలిచాను, వినపడలేదు," అంది.

పరుగున వెళ్ళి కోకా చల్లి, గొంతు చించుకుని "సున్నా" అని అరిచాను. పుస్తకంలోనూ సున్నా వేశాను. ఈ వారం రేడియోలో నువ్వూ అదే వింటావు. నీళ్ళు లేని చోట జాలరికేం పనని అక్కడే ఉండిపోతావు. అది తెలిసే వేశాను. పిల్లల తలలు ఇప్పుడిప్పుడే ఆరుతున్నాయి.

ఇట్లు,
నీ భార్య
ఎవరిస్తా