సగం యాంటెన్నా

బుధవారం, నల్గొండ హాస్టల్

టాపిక్ మార్చను. ముందు అది రాసి పెట్టుకుంటున్నాను.

నా యాంటెన్నా సిమ్యులేషన్‌కి అరవై జీబీ మెమరీ కావాలని లెక్క తేలింది. ల్యాబ్‌లో ఉన్నది పదహారు. గైడ్ సార్ కాగితం సరిగా చూడనైనా లేదు. "గీ మిషన్ల మీద గది నడువదమ్మా. చిన్న టాపిక్ తీస్కో, జల్ది అయిపోతది" అన్నారు, అందరి ముందు. చిన్నది నాకెందుకు?

ఆ కోపంలోనే కేతేపల్లికి ఫోన్ చేస్తే అమ్మ జాకెట్టు కత్తిరిస్తోంది. "ఆగు బిడ్డా, బట్ట మడిచి ఒక్క దిక్కే గీస్తున్న" అంది. నిజంగానే ఆగిపోయాను. నా యాంటెన్నా కూడా ఎడమా కుడీ ఒకేలా ఉంటుంది కదా! సగం లెక్కిస్తే చాలు.

ఆశ ఎక్కువై పైకీ కిందికీ కూడా మడిచి, పావు వంతే లెక్కించాను. చిన్న నమూనా మీద పూర్తి లెక్కతో పోల్చి చూస్తే జవాబు కలవలేదు. సిగ్నల్ అందించే తీగ కింది వైపే ఉంది మరి. అమ్మకు చెబితే నవ్వింది. "ముందు మెడ, ఎనక మెడ ఒక్కటైతయా?"

సరే, ఒక్క మడతే. లెక్క కోసం స్థలాన్నంతా గళ్లుగా విడగొట్టాలి; యాంటెన్నా రేకు అంచుల దగ్గర వాటిని చిన్నవిగానే ఉంచి, చుట్టూ ఖాళీ గాలిలో పెద్దవి చేశాను. గళ్లు తగ్గి, పదకొండు జీబీకి దిగింది! మరీ పెద్దవి చేశానేమో... రేపు ఇంకొంచెం చిన్నవి చేసి పోల్చాలి.

ల్యాబ్‌లో మిషన్ నడుస్తూనే ఉంది. "ఆపొద్దు" అని చీటీ అంటించి వచ్చాను. కింద నా పేరు, దాని కింద పాత టాపిక్ పేరే.