బురుజులో తాత గుర్తు

డ్రమ్‌గార్వీ, శుక్రవారం

చెల్లీ గ్రైజెల్,

కంగారుపడకు, మోకాలు తప్ప అంతా కులాసానే. నిన్న కొత్త దొర తన బురుజు మేడను జనానికి చూపిస్తూ, పొయ్యి పక్క రాతిమీది చేప గుర్తు నాలుగు వందల ఏళ్ల నాటి మేస్త్రీదన్నాడు.

"అది మా తాత గుర్తు బాబూ. కూలిన ఆ గోడను మళ్లీ కట్టింది ఆయనే" అన్నాను.

"పుస్తకాలు చదివి చదివి మీకు మతి పోయింది, పెద్దాయనా!" అన్నాడు. అందరూ నవ్వారు.

అప్పటినుంచి కూర్చోలేను, నిలవలేను. వాడు రాసిన మేడ చరిత్ర వచ్చే గురువారం అచ్చుకు వెళుతుంది. నేను చదివిన చరిత్రలన్నిటిలో కట్టించినవాళ్లే ఉన్నారు. ఇందులోనైనా కట్టినవాడు ఉండాలి. నీ దగ్గరున్న తాత సుత్తి పిడిమీద అదే చేప ఉంది. దానితో బొగ్గు పగలగొట్టడం మాని వెంటనే పంపు.

పిల్లి ఈనిందా? మీ ఆయన దగ్గు తగ్గిందా? అందరూ చల్లగా ఉండండి. సుత్తి అడిగింది గుర్తు చూపడానికేలే, కంగారుపడకు.

మీ అన్న,
ఆర్చీ