సంతోష ధ్రువీకరణ పత్రం

నిజాంపేట,
మంగళవారం మధ్యాహ్నం.

ప్రియమైన అన్నకు,

నీ చెల్లెలు సువర్ణ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, పిల్లలు, వీధి చివరి మేనత్త అందరూ బాగున్నారని అనుకుంటూ మొదలుపెడుతున్నాను. నువ్వు బాగా లేవని నాకు తెలుసు. అయినా ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని చిన్నప్పుడు పలక మీద రాయించి మరీ నేర్పింది నువ్వే. ఇంకోలా మొదలుపెట్టడం నాకు రాదు.

ఫోనుండగా ఉత్తరమేందని వదిన నవ్వుతుంది. నవ్వనీ. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆమె కూడా "ఏందమ్మా, కోర్టు నోటీసా?" అంది. ఇంటికి అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి కవరిచ్చింది. ఫోనులో చెప్పే ధైర్యం నాకు లేదన్నా. మూడుసార్లు నీ నంబరు నొక్కాను, మోగకముందే కట్ చేశాను. దీన్ని ఫోటో తీసి ఎవరికీ పంపొద్దు. కాగితంగానే ఉండనీ.

ఈ నెలంతా ఇక్కడ ముసురు. హాస్టల్ నుంచి మెట్రో ఎక్కేదాకా బురదలో నడక, దిగాక అద్దాల మేడల మధ్య నడక. చెప్పులు ఆరిందే లేదు. గదిలో ముగ్గురం ఉంటున్నాం. నా పక్క మంచం మెర్సీది, ఖమ్మం వైపు పిల్ల, ఆస్పత్రిలో నర్సు. నేను తినకపోతే కంచం మంచం మీదికే తెచ్చి పెడుతుంది. సాంబారులో ఇంత బెల్లం ఎందుకేస్తారో ఈ మనుషులు! సంగటి ముద్ద కళ్ళ ముందు ఆడుతుంటుంది. నువ్వు పంపిన చెనిక్కాయల పొడి అయిపోయింది. మళ్ళీ పంపొద్దు. ఇది చదివాక నీకు పంపబుద్ధి కూడా కాదులే. ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడొద్దు.

అన్నా, నా ఉద్యోగం గురించి నీకు సగమే చెప్పాను. కంప్యూటర్ పని, తెలుగు బాగా వచ్చినవాళ్ళు కావాలన్నారు అని చెప్పాను కదా. అది నిజమే. మిగతా సగం ఇది. ఒక ప్రభుత్వ శాఖ మా కంపెనీకి పని అప్పగించింది. జనం ఫోన్లలో పంచుకునే తెలుగు రాతలూ బొమ్మలూ ఒకదాని తర్వాత ఒకటి మా తెర మీదికి వస్తాయి. చదివి, కింద ఉన్న గడుల్లో ఒకదాన్ని నొక్కాలి. వార్త, ఫిర్యాదు, కల్పన, వదంతి, నకిలీ పత్రం. తీసెయ్యడం మా పని కాదు, మనిషిని పట్టుకోవడం మా పని కాదు. అది ఎవరి పనో అడిగే అలవాటు మా అంతస్తులో ఎవరికీ లేదు.

నీకు గుర్తుందా, బషీర్ సారు మన ఊరి లైబ్రరీ తాళాలు నీకిచ్చి నమాజుకు వెళ్ళేవాడు. ఆయన వచ్చేలోపు మనం ఆ మూల బీరువాలోని పుస్తకాలు తీసేవాళ్ళం. రాబోయే కాలంలో రాజ్యం మనుషుల్ని ఎట్లా నలిపేస్తుందో రాసిన నవలలు. గోడలకు చెవులు, వీధి వీధికీ బూట్ల చప్పుడు, పుస్తకాలకు నిప్పు. చదివి భయపడి, బయటికొచ్చి బొరుగులు తింటూ నవ్వుకునేవాళ్ళం. ఆ పుస్తకాలు మనకు ఒక అబద్ధం చెప్పాయన్నా. అట్లాంటి రాజ్యం వస్తే మనకు తెలిసిపోతుందని చెప్పాయి. నాకు తెలియలేదు. అక్కడికి నేను బయోడేటా పట్టుకుని వెళ్ళాను. ఉద్యోగం వచ్చిందని మేనత్త గుడిలో కొబ్బరికాయ కొట్టింది.

మా సూపర్‌వైజర్ శ్రీకాంత్ గారు గట్టిగా ఒక్క మాట అనడు. నాకు జ్వరమొస్తే ఆటో మాట్లాడి పంపాడు. కష్టమైనదేదైనా తెర మీదికొచ్చి నేను బిగుసుకుపోతే, "ఫికర్ చెయ్యకు సువర్ణా, మనం చూసుడే, చేసేది మనం గాదు" అంటాడు. ఎన్నికల ముందు ఒక పార్టీవాళ్ళు మైకు పట్టుకుని, ప్రభుత్వం దొంగచాటుగా ప్రజల మాటలు వింటోందని గోల గోల చేశారు. గెలిచారు. ఇక ఉద్యోగాలు పోతాయని మేమంతా వణికిపోయాం. రెండు వారాలకు కొత్త ఒప్పందం వచ్చింది, ఇంకో వరస కుర్చీలు వేశారు. ఓడినవాళ్ళు ఇప్పుడు అదే మైకులో అదే గోల చేస్తున్నారు. కుర్చీలు వేసిన రోజు నేను స్వీటు పంచానన్నా. నీకు ఫోను చేసి సంతోషంగా చెప్పాను కూడా.

ఆ ఫోనులోనే కదా నీ కథకు విత్తనం పడింది. ప్రతి సోమవారం పొద్దున పదింటికి ఆఫీసువాళ్ళు ఒక ఫారం పంపుతారని, "ఇక్కడ సంతోషంగా ఉన్నారా" అని అడిగి ఏడుపు నుంచి నవ్వుదాకా ఐదు బొమ్మలు పెడతారని, అందరం ఐదో బొమ్మే నొక్కుతామని నవ్వుతూ చెప్పాను. నువ్వు నవ్వలేదు. "పాపా, ఇది మన ఊరికొస్తే ఎట్లుంటాది?" అన్నావు.

రెండు నెలలకు కథ పోస్టులో వచ్చింది. సంతోష ధ్రువీకరణ పత్రం ఉన్న ఇంటికే కొళాయి నీళ్ళొచ్చే కాలం. ఏడాదికోసారి మండలాఫీసుకు వెళ్ళి, నేను సంతోషంగా ఉన్నానని సంతకం పెట్టాలి. ఊరంతా పెడుతుంది. ఒక్క ముసలామె మాత్రం "లేను నాయనా" అంటుంది. ఎంత బాగా రాశావన్నా! ఆ ముసలామె దగ్గరికొచ్చేసరికి నేను బస్సులో ఏడ్చాను.

కానీ నీ చేతి పనితనమే మన కొంప ముంచింది. ఇరవై ఏళ్ళుగా మండలాఫీసు ఎదురుగా జెరాక్స్ అంగడి నడిపినవాడివి. ప్రభుత్వ ఉత్తర్వు ఎట్లుంటుందో ఆఫీసువాళ్ళ కంటే నీకే బాగా తెలుసు. మొదటి పేజీని అచ్చం ఉత్తర్వులాగే కూర్చావు. పైన నంబరు, పక్కన విషయం, కింద "దరఖాస్తుతో జతపరచవలసినవి". పేరు వేసుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని ఎక్కడా నీ పేరు వెయ్యలేదు. పది పుస్తకాలు కుట్టి మొదటిది బషీర్ సారుకు ఇచ్చావు, ఒకటి నాకు పంపావు, మిగతావి టీ అంగడి బల్ల మీద పెట్టావు. జనం చదివి మేలుకుంటారని నువ్వంటే, బషీర్ సారు గడ్డం గోక్కుని "మేలుకోరు ఓబులేసూ, లైన్లో నిలబడతారు" అన్నాడంట. ఎవరో ఆ మొదటి పేజీ ఒక్కటే ఫోటో తీసి ఊరంతా పంచారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, తెల్లారేసరికి మండలాఫీసు ముందు వరుస! ఎవరూ ఇదేం అన్యాయం అనలేదు. నాగమ్మవ్వ నీ అంగడికే వచ్చి, "నాయనా, సంతోసం కాయితానికి ఫోటోలు రెండు సాలునా, మూడు కావల్నా?" అని అడిగింది. ఆ రోజు ఫోనులో నువ్వు ఇది చెప్తుంటే నేను నవ్వాననుకుంటా. ఛీ, నా నవ్వు!

ఆ తర్వాతి గురువారం, టీ తాగొచ్చి కూర్చుంటే, ఆ పేజీ నా తెర మీద ఉంది. చూడగానే తెలిసింది. పెళ్ళి పత్రికల కోసం దాచుకున్న మల్లెమొగ్గ బొమ్మను పేరాకు పేరాకు మధ్య పెట్టే అలవాటు ఈ లోకంలో నీ ఒక్కడికే ఉంది. తెలిసినవాళ్ళది వస్తే చెయ్యెత్తి పక్కవాళ్ళకు ఇచ్చెయ్యాలని మా నియమం. ఇస్తే వాళ్ళు "నకిలీ పత్రం" నొక్కుతారు. అది నొక్కితే కేసు. అందుకని ఇవ్వలేదు. "కల్పన" నొక్కాను. పేజీ చూస్తే అసలు ఉత్తర్వులాగే ఉంది, పైవాళ్ళు నమ్మరేమోనని భయమేసింది. అక్కడ "వివరణ" అని ఇంకో గడి ఉంటుంది. అది నింపకపోయినా ఎవరూ అడగరు. ఏడాదిలో నేను ఎన్నడూ నింపలేదు. ఆ రోజు నింపాను.

ఏం రాశానో అక్షరం అక్షరం చెబుతున్నాను. "ఇది నకిలీ పత్రం కాదు. ఒక కథలో మొదటి పేజీ. రాసింది మా అన్న ఓబులేసు, మండలాఫీసు ఎదుట జెరాక్స్ అంగడి. మిగతా కథ నా దగ్గర ఉంది, కావాలంటే ఇస్తాను."

అన్నా, అప్పటిదాకా అది ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. వందల ఫోన్లు తిరిగిన కాగితం, మొదలు ఎక్కడో వాళ్ళకు దొరకలేదు. నేను దొరికించాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో కొంచెం గర్వం కూడా ఉంది. మా అన్న రాశాడని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి నాకు ఆ గడే దొరికింది.

మర్నాడు శ్రీకాంత్ గారు నా కుర్చీ దగ్గరికొచ్చి, "మస్తు పని చేసినవ్ సువర్ణా, పైనోళ్ళు ఖుష్ అయిన్రు" అన్నాడు. మా అన్నకేమైనా అవుతుందా సార్ అని నన్ను నేనే అడిగినట్టు అడిగాను. "ఏం గాదు, ఉత్త ఎంక్వైరీ ఉంటది, గంతే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకూ తెలియదు. ఆ నెల బాగా పనిచేసినవాళ్ళ పేర్లలో నా పేరు గోడ మీద వెలిగింది. తొమ్మిదో రోజు వదిన ఏడుస్తూ ఫోను చేసింది. జీపొచ్చిందని, కంప్యూటరూ ప్రింటరూ ఎత్తుకుపోయారని, నిన్ను పొద్దుననగా తీసుకెళ్ళి సాయంత్రం పంపారని, రోజూ స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టమన్నారని.

ఆ వారంలో నువ్వు నాతో మాట్లాడింది ఒక్కసారే. "ఆ బషీరే చెప్పినాడు పాపా. వానికి తప్ప ఎవరికి తెలుసు?" అన్నావు. నాకు తెలుసు కదన్నా. నేను "అవునా" అన్నాను. అంతకంటే నీచమైన మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. నువ్వు ఆయన్ను బజారులో నిలబెట్టి తిట్టావని వదిన చెప్పింది. ఆయన తలొంచుకుని లైబ్రరీ వైపు నడిచి వెళ్ళిపోయాడంట. నువ్వు ఒక మనిషిని అన్నావు, ఊరు దాన్ని పట్టుకుని ఆయన వీధి మొత్తాన్ని అంటోంది. లైబ్రరీకి పిల్లల్ని పంపడం మానేశారంట. మింగలేక కక్కలేక ఇన్నాళ్ళు ఉన్నాను. ఇక ఉండలేను.

అందుకే ఈ ఉత్తరం. దీన్ని తీసుకెళ్ళి బషీర్ సారు చేతిలో పెట్టు. నువ్వే వెళ్ళు, వదినను పంపొద్దు. ఆఫీసు సంగతులు బయట చెప్పనని నేను సంతకం పెట్టాను. ఇది బయటపడితే ఉద్యోగం పోతుంది, నా మీదా కేసు పెట్టొచ్చు. పెట్టనీ. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, కానీ ముందు ఆయన దగ్గరికి వెళ్ళు.

సోమవారం.

పైన ఉన్నదంతా పోయిన మంగళవారం రాశాను. కవరు అంటించి బ్యాగులో పెట్టుకుని ఆరు రోజులు తిప్పాను. పోస్టు డబ్బా ముందు నుంచి రోజూ నడిచాను. ఈరోజు పొద్దున మెట్రోలో ఉండగా వదిన మెసేజి పెట్టింది. బషీర్ సారు బదిలీ అడిగి తీసుకున్నాడంట, నిన్న ఇంటికి తాళం పెట్టి వెళ్ళిపోయాడంట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదంట. లైబ్రరీకి కొత్తవాళ్ళను వెయ్యలేదు. పోతూ పోతూ నీ కథ పుస్తకాన్ని మన గడప దగ్గర పెట్టిపోయాడంట. ఆరు రోజులన్నా. ఆ మంగళవారమే డబ్బాలో వేసి ఉంటే ఆయన ఇంకా ఊళ్ళో ఉండగానే నీకు అందేది. కవరు చింపి ఈ కాగితం కలుపుతున్నాను. ఇప్పుడు దీన్ని ఎవరికి చూపిస్తావో నాకు తెలియదు. అయినా పంపుతున్నాను.

నాగమ్మవ్వ ఆ ఫోటోలు ఇంకా కొంగున ముడేసుకునే తిరుగుతోందంట. కాగితం ఎప్పుడిస్తారని అడుగుతోందంట. ఆమెకు నువ్వే నెమ్మదిగా చెప్పు. వదినకు, మేనత్తకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. దీవించమని నిన్ను అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఒక్క మాట దాచకుండా చెప్పి ముగిస్తాను. వదిన మెసేజి చదివి, కళ్ళు తుడుచుకుని, కుర్చీలో కూర్చునేసరికి పదయింది. ఫారం వచ్చింది. ఇక్కడ సంతోషంగా ఉన్నారా అని అడిగింది. నీ కథలో ముసలామె "లేను" అన్న చోటు నాకు కంఠతా వచ్చు. మొత్తం మనసులో అనుకున్నాను.

ఐదో బొమ్మ నొక్కానన్నా.

ఇట్లు,
నీ చెల్లెలు,
సువర్ణ