తొమ్మిది జానల పడక

శ్రీవారికి నమస్కారాలతో రాస్తున్నాను.

ఇక్కడ ఇంటిల్లిపాదీ క్షేమం. అత్తయ్య మోకాళ్ళు మూలుగుతున్నా నడుస్తున్నాయి. నా కుట్టుమిషను నడుస్తోంది. పెరట్లో మీ పాత వ్యాను బండి ఒక్కటే నడవడం లేదు. నడవడానికి కాదుగా, గదిలా వాడుకోవడానికి కదా మీరు దాన్ని కొన్నది. మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. మొదటి కాగితం అటూ ఇటూ బండి గురించి రాశారు. రెండో కాగితంలో మీ మేనేజరు ఎంత చవటో రాశారు. చివర అంచున, నిలువుగా, జాగా మిగిలింది కాబట్టి కాబోలు, 'నువ్వెలా ఉన్నావు' అని రాశారు. కాగితం పక్కకి తిప్పి చదువుకున్నాను. బాగానే ఉన్నాను.

అడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను.

'నా గదికి తాళం వేసే ఉందా' అన్నారు. ఉంది. మీరు ఉద్యోగానికి వెళ్ళిన రోజు ఎలా వేశారో మొన్నటిదాకా అలాగే ఉంది. తాళంచెవి అత్తయ్య నడుముకి వేలాడేది. లోపల మీ మంచం, మీ రేడియో, మీ బూట్లు దుమ్ము కప్పుకుని సుఖంగా ఉండేవి. నేను హాల్లో, మిషనుకీ గోడకీ మధ్య పక్క వేసుకుంటూ వచ్చాను. 'నా సామాన్లు కదలకూడదు, నేను లేనప్పుడు నీకు హాలు చాలదా' అని పెళ్ళయిన కొత్తలో మీరే అన్నారు కదా. చాలింది. కాళ్ళు చాపితే మిషను పెడలు తగిలేది, అంతే.

'బండి పైకప్పు కారడం ఆగిందా' అన్నారు. ఆగింది, కానీ దాని కథ పెద్దది. పని చూసుకోమని మీ స్నేహితుణ్ణి పంపారు కదా, అందరూ ఇంజనీరు అని పిలిచే ఆయన్ని. ఆయన ఏ ఇంజనీరింగూ చదవలేదని నాకు ఈమధ్యే తెలిసింది. ఎవరింట్లో మేకు కొడుతున్న చప్పుడు వినిపించినా వెళ్ళి 'అలా కాదు' అంటారట, అందుకని ఆ పేరు. కన్నం ఎక్కడుందో కనిపెడతానని బండి పైకప్పు మీదికి ఎక్కారు. లోపల నేను నేల తుడుస్తున్నాను. పైన ఫట్‌మని చప్పుడైంది, చూస్తే నా తల మీద చెప్పుతో సహా ఒక కాలు వేలాడుతోంది.

"చూశావామ్మా, ఇక్కడే బలహీనంగా ఉందని నేను ముందే అనుకున్నా!" అన్నారు పైనుంచి.

అత్తయ్య పెరటి గుమ్మంలోంచి, "ఒరే నాయనా, ఉన్న కన్నం చాల్లేదా, నీది కూడా ఒకటి పెట్టి వెళ్తున్నావా!" అని అరిచింది. చివరికి రేకుల పనివాణ్ణి పిలిచి రెండు కన్నాలకీ కలిపి ఒకటే రేకు వేయించాం. ఇప్పుడు వానకి చుక్క రాలదు.

'లోపల వాసన పోయిందా' అన్నారు. మీరు ఎంతో ఇష్టపడి, గట్టిగా ఉందని మెచ్చుకున్న ఆ పాత పరుపు తీస్తే కింద ఎలుకల సంసారం బయటపడింది. పిల్లాపాపలతో ఉన్నాయి. నేల చెక్క సగం పుచ్చిపోయింది, చీపురు పెడితే బిస్కెట్టులా విరిగింది. బండి కొన్న రోజు మీరూ ఇంజనీరుగారూ దాని చుట్టూ తిరిగి, టైర్లని కాలితో తన్ని, 'బాడీ గట్టిది' అని ఒకరికొకరు చెప్పుకున్నారు. లోపలికి వంగి చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ నేలంతా నేనే పీకి బయట పారేశాను. వారం రోజులు సోడా నీళ్ళతో కడిగాను. ఇప్పుడు కొత్త చెక్క వాసన వస్తోంది.

'గోడలకి రంగు వేశారా' అన్నారు. వేశాం. మొదటిసారి ఇంజనీరుగారు తడి ఆరకుండానే వేయించారు. 'రంగే తడిని లాగేస్తుంది' అన్నారు. అది లాగలేదు, తానే ఊడి వచ్చింది. మళ్ళీ గీకి, ఎండబెట్టి వేసుకున్నాం. ఆ రెండో సారి ఆయన ఊళ్ళో లేరు, అందుకే నిలిచింది.

కర్టెన్లు బూడిదరంగువి కుట్టమన్నారు. బజారులో దొరకలేదని రాస్తే అబద్ధమవుతుంది. తానులకి తానులే ఉన్నాయి. నాకు నచ్చలేదు. నారింజరంగువి కుట్టాను. పొద్దున్న ఎండ పడితే లోపలంతా పండులా ఉంటుంది.

ఇక ఆ రెండో కాగితం కింద మీరు గీత గీసి మరీ రాసిన మాట. 'సెలవుకి వచ్చిన నెల రోజులూ నన్ను ఆ బండిలో ఒంటరిగా వదిలెయ్యండి. నాకు ప్రశాంతత కావాలి. భోజనం మెట్టు మీద పెడితే చాలు. తలుపు కొట్టొద్దు.'

అత్తయ్య కళ్ళజోడు విరిగింది కాబట్టి ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఆ మాట దగ్గర మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"మెట్టు మీద పెట్టాలా? కుక్కకైనా గిన్నె చూపించి 'రా' అని పిలుస్తాం కదే!" అంది. మళ్ళీ తనే, "ఎవరి మీద అలిగాడే వీడు?" అంది.

"ఏమో అత్తయ్యా."

"నువ్వేమైనా అన్నావా?"

"నేనా!"

"అదీ నిజమే. నువ్వు అనాలంటే ముందు నోరు తెరవాలి కదా," అంది.

నేనూ అదే ఆలోచిస్తున్నాను. మనిషి గోల తప్పించుకుని ఒంటరిగా కూర్చోవాలనుకుంటాడు, బాగానే ఉంది. ఈ ఇంట్లో ఏ గోల? అత్తయ్య మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దాకా లేవదు. నేను మీతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. 'టీ ఇవ్వనా', 'నీళ్ళు పెట్టనా', 'సరేనండీ'. ఆ హోరు భరించలేకనా మీకు చక్రాల మీద ఆశ్రమం కావాల్సి వచ్చింది? పదకొండు నెలలు మాకు దూరంగా ఉండి, మిగిలిన ఆ ఒక్క నెలా పెరట్లో దూరంగా ఉండటానికి ఇంత డబ్బు తగలేసేవాళ్ళని నేనింకెక్కడా చూడలేదు. సన్యాసులకైనా కాస్త ఖర్చు తక్కువ.

ఇలా రాస్తున్నందుకు కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా పరవాలేదు. ఎదురుగా ఉంటే నా నోట ఇందులో ఒక్క ముక్కా రాదు. కాగితం మీదైతే వస్తోంది.

'పడక ఎంతవరకు వచ్చింది, బొమ్మలో ఉన్న కొలతల ప్రకారమే చేశారా' అన్నారు. మీ కొలతల ప్రకారమే చేశారు. అక్కడే ఒక చిక్కు వచ్చింది.

మీ ఇంటి మగవాళ్ళు టేపు పట్టరు కదా. మామయ్యగారు ఈ ఇల్లు కట్టించినప్పుడు కూడా గుమ్మాలూ గోడ బీరువాలూ అన్నీ జానతోనే కొలిచి ఇచ్చారట. 'చెయ్యి ఉండగా టేపెందుకు' అనేవారని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. అందుకే హాల్లో బీరువా తలుపు గోడకి తగిలి సగమే తెరుచుకుంటుంది. ఇన్నేళ్ళుగా అందులోంచి చీరలు పక్కకి తిరిగి తీస్తున్నాం, అయినా ఆ చేతి మీద భక్తి మాత్రం తగ్గలేదు. మీరూ అదే చేత్తో బండి కొలిచి, బొమ్మ గీసి, పడక తొమ్మిది జానలు, బల్ల ఎత్తు నాలుగు, పై అర ఇంత, కిటికీ పక్క సీటు ఇంత అని రాసి వెళ్ళారు.

వడ్రంగి ఆ బొమ్మని తిరగేసి బోర్లేసి చూసి, "ఇది ఎవరి జాన?" అని అడిగాడు.

ఇంజనీరుగారు అక్కడే ఉన్నారు. "ఎవరిదైతే ఏంటయ్యా? మనిషి జాన. నీ చెయ్యి పెట్టు."

"నా చెయ్యి రోకలిబండండీ. నేను పెడితే పడక బండి దాటి పెరట్లోకి వస్తుంది."

"అయితే ఇంటివాళ్ళ చెయ్యే పెట్టాలి, అదే పద్ధతి," అని నా వైపు తిరిగారు. "అమ్మాయీ, ఇలా రా. భార్యాభర్తలు వేరా ఏంటి? ఇద్దరిదీ ఒకటే జాన."

నేను తల దించుకుని వెళ్ళి చెక్క మీద చెయ్యి పరిచాను. వడ్రంగి నా చిటికెనవేలి పక్కన పెన్సిలు గీత పెట్టాడు. మళ్ళీ పరిచాను, మళ్ళీ గీత. ఆ రోజంతా అదే పని. పడకకి, బల్లకి, అరకి, సీటుకి, అద్దం కొక్కేనికి, అన్నిటికీ నా చెయ్యే. పక్కనుంచి ఇంజనీరుగారు 'శభాష్' అంటూ నిలబడ్డారు.

పని అయిపోయింది. అర నా చేతికి అందుతుంది. బల్ల ముందు కూర్చుంటే మోచేతులు ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి. కిటికీలోంచి, మెడ సాచకుండానే, పెరటి గోడా దాని అవతల వీధీ కనిపిస్తాయి. పడక మీద పడుకుంటే తలకి పైనా కాళ్ళకి కిందా బెత్తెడు చొప్పున మిగిలింది. మీరు పడుకుంటే పాదాలు రెండూ బయటే. తల పై అరకి తగలకుండా కూర్చోవాలంటే నమస్కారం పెడుతున్నట్టు వంగాలి. ఇంజనీరుగారికి చూపిస్తే చాలాసేపు గడ్డం గోక్కుని, "చలికి మనిషి ఎలాగూ ముడుచుకునే పడుకుంటాడులే, సరిపోతుంది," అన్నారు. మీరు వచ్చేది ఎండాకాలంలో.

ఇంతవరకు తప్పంతా ఆయన మీదికి వెళ్ళేలా రాశాను. అది పూర్తి నిజం కాదు. ఇక్కడ కాసేపు కలం ఆపి, రాయనా వద్దా అని చూశాను. రాస్తున్నాను.

ఆ వడ్రంగి ఎవరి జాన అని అడిగినప్పుడు నాకు జవాబు తెలుసు. 'ఆయన చెయ్యి, ఆయనకి రాసి అడుగుదాం' అని ఒక్క మాట అంటే సరిపోయేది. సిగ్గుపడి ఊరుకున్నానని వాళ్ళిద్దరూ అనుకున్నారు. సిగ్గు కాదు. నా చెయ్యి మీ చేతికన్నా చిన్నదని నాకు తెలుసు. తెలిసే పరిచాను. రెండో చెక్క దగ్గర్నుంచి వేళ్ళు కొంచెం దగ్గరికి కూడా లాక్కున్నాను.

తప్పు చేశానని అనిపించడం లేదు కాబట్టి క్షమించమని రాయడం లేదు. ఈ ఇంట్లో వంటగట్టు మామయ్యగారి జాన, దాని ముందు నేను పీట ఎక్కి నిలబడతాను. గది మీది. హాలు అందరిదీ. నా ఒంటి కొలతకి ఇంతవరకు ఎవరూ ఒక్క చెక్కైనా కొయ్యలేదు. ఒక్కసారి నా చెయ్యి ఆనిన చోటల్లా రంపం ఆగింది. అది చూశాక మళ్ళీ మిషనుకీ గోడకీ మధ్య పడుకోవడం నావల్ల కాలేదు.

అందుకని పోయిన సోమవారం నా పక్క, నా పెట్టె బండిలోకి మార్చుకున్నాను. మిషను కూడా పట్టింది. అత్తయ్యకి చెప్పకుండా చెయ్యలేదు. చెప్పే ధైర్యం లేక ముందు చూపించాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా ఎక్కి, సీటు మీద కూర్చుని, కర్టెన్ తడిమి, అరలో ఏముందో చూసింది.

"వాడికి సరిపోదుగా ఇది?"

"సరిపోదు అత్తయ్యా."

"మరి ఎవరికి సరిపోతుంది?"

ఆవిడ చెప్పులు విడిచి పడక మీద నిటారుగా పడుకుంది. కాళ్ళు చాపింది. కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"నాకూ సరిపోయిందే," అంది కళ్ళు తెరవకుండానే. "మధ్యాహ్నం ఒక గంట నాకియ్యి. మిగతాదంతా నీ ఇష్టం."

"ఆయన వస్తే ఏమంటారో అత్తయ్యా."

"ఏమంటాడు? ఒంటరిగా వదిలెయ్యమన్నాడు. వదిలేద్దాం. సొంత గది ఉంది, దానికి తాళం ఉంది, లోపల గడియ ఉంది. ఇంతకంటే ఒంటరితనం దేవుడికైనా దొరుకుతుందా? ఇన్నాళ్ళూ వాడి గదికి వాడు లేనప్పుడు నేను కాపలా, వాడు ఉన్నప్పుడు నువ్వు కాపలా." నడుము నుంచి తాళంచెవి తీసి కిటికీ మీద పెట్టింది. "నువ్వు ఊడ్చిపెట్టు. ఆ మంచం వాడి నాన్న జానే. కాళ్ళు పట్టకపోతే వాడి నాన్నని తిట్టుకోమను."

నిన్న గది తెరిచి ఊడ్చాను. దుప్పటి మార్చాను. బూట్లు తుడిచాను. రేడియో పలుకుతోంది. మీకు అక్కడ ఏ లోటూ ఉండదు.

మీరు వచ్చాక ఎలా జరుగుతుందో ఇప్పుడే చెబుతాను, ఎదురుగా చెప్పలేను కాబట్టి. భోజనం వంటింట్లో, మేం తినే వేళకి, మాతోపాటే. బండి చూడాలనిపిస్తే అడగండి, చూపిస్తాను. మధ్యాహ్నం అటు రాకండి, అత్తయ్య పడుకుంటుంది. సాయంత్రం నేను తలుపు తీసి కుడుతుంటాను. అప్పుడు వచ్చి కూర్చుని ఏదైనా చెప్పాలనుంటే చెప్పండి. మీ మేనేజరు సంగతే అయినా సరే, వింటాను. విసుగొస్తే, విసుగ్గా ఉందని చెబుతాను.

ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు