కాగితం ఎవరి పేరు మీద

సెప్టెంబరు 3, సోమవారం

మొలెఫి వచ్చాడు. ఎడారిలోని మందకాడ నుంచి మా ఊరు లెత్లాకెంగ్‌కి గాడిదల బండి మీద రెండు రోజులు. ఒంటి నిండా కలహారి ఇసుకే. తమ్ముడన్నమాటే గానీ వాడికీ నలభై రెండొచ్చాయి. నాకంటే ఐదేళ్లు చిన్న, చూడబోతే పదేళ్లు పెద్దోడిలా ఉన్నాడు.

జొన్న సంకటి పెట్టి పెరుగు పోశాను. తిని చెయ్యి కడుక్కున్నాక సంగతి బయటపెట్టాడు. సెబినా గారి పాత పికప్ అమ్మకానికి వచ్చిందట. పశువుల ఆఫీసులో చేసి రిటైరైన సెబినా గారే. ఆయనకి డబ్బు వద్దట, ఆవులు కావాలట. ముప్పై ఏళ్లు ఊరి ఆవులకి సూదులు పొడిచినాయనకి ఇప్పుడు సొంత మంద మీద మోజు పుట్టింది.

ఎన్ని అన్నాను. ఆరు అన్నాడు.

ఆరు ఆవులు! ఆవైతే ఏడాదికో దూడనిస్తుంది, ఆ బండి ఏడాదికో బండిని ఈనుతుందా అని అడిగాను. వాడు నవ్వలేదు. మా బోరు అడుగంటిందని చెప్పాడు. ఇప్పుడు పద్నాలుగు కిలోమీటర్లు పోయి పీపాలతో నీళ్లు తేవాలి. గాడిదలతో రోజుకి ఒకే ట్రిప్పు. పికప్ ఉంటే ఎండెక్కకముందే మూడు ట్రిప్పులు పడతాయట. ఈసారి వానలు ఆలస్యమయ్యేలా ఉన్నాయి, ఆలస్యమైతే మంద నిలవదు అన్నాడు.

చూద్దాం అన్నాను. నా నోట్లో ఊతపదం అది.

సెప్టెంబరు 4

బడిలో పిల్లలకి వండుతూ పొద్దంతా అదే ఆలోచన.

పదకొండేళ్ల కిందట నాన్న పోతూ పోతూ ఆవులకి ముద్ర వేసే ఇనుమూ, దాని కాగితమూ నా చేతిలో పెట్టాడు. కొడుకుండగా కూతురికివ్వడం మా వాడలో అంతకుముందు జరగలేదు. మేనమామ మూతి ముడుచుకున్నాడు కూడా. కారణం అందరికీ తెలుసు. అప్పట్లో మొలెఫి తాగేవాడు. అడిగి తెచ్చిన బండిని తాగి నడిపి ఎండిన వాగులో బోల్తా కొట్టించాడు. వెనకాల నాన్న కూర్చుని ఉన్నాడు. తుంటి విరిగింది. ఆ తర్వాత నాన్న కర్ర లేకుండా అడుగెయ్యలేదు.

కాబట్టి మందలో ప్రతి ఆవు తొడ మీదా నా ముద్రే. నా సంతకం లేకుండా ఒక్క దూడ కూడా దొడ్డి దాటదు. నాకు మొగుడు లేడు, మంద ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, ఆ సంతకం పెట్టడమంటే నాకు చాలా ఇష్టం.

సెప్టెంబరు 8, శనివారం

బండి చూడ్డానికి ఇద్దరం వెళ్లాం. తెల్లరంగు, అక్కడక్కడా తుప్పు. నా పక్క తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. ఇదేం బండి, ఎక్కినదాన్ని దిగనివ్వదా అన్నాను. నీలాంటి అమ్మని ఎక్కించుకున్నాక ఏ బండైనా వదులుతుందా అన్నాడు సెబినా గారు. అరవై దాటినా ఆయన నోరు మారలేదు.

మొలెఫి బండి కిందకి దూరి వెల్లకిలా పడుకుని అరగంట చూశాడు. ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూశాడు. టైర్లు తట్టాడు. తర్వాత నన్ను ఎక్కించుకుని కుంట చుట్టూ తిప్పాడు. నేను పైన పిడి పట్టుకుని కూర్చున్నాను, నాన్న గుర్తొచ్చి. వాడు మెల్లగా నడిపాడు. ఇసుకలో ఎక్కడా బండిని అదరనివ్వలేదు. ఎప్పుడు నేర్చుకున్నావురా అంటే కిందటేడు లైసెన్స్ తీసుకున్నానన్నాడు. నమ్మలేదు. చూపించమన్నాను. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మడతలు విప్పి, చేతికిచ్చాడు. ఫోటోలో నున్నగా గడ్డం గీసుకుని పెళ్లికొడుకులా ఉన్నాడు.

సెబినా గారు నాలుగు ఆవులకీ ఒక చూలు పెయ్యకీ దిగాడు. ఏవి ఇవ్వాలో మొలెఫి అప్పుడే అనుకుని పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు నాకే ముచ్చటేసింది. ఆదివారం ప్రార్థనకి అందులో కూర్చుని పోతున్నట్టు ఊహించుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

సెప్టెంబరు 16, ఆదివారం

మేనమామని అడక్కుండా మా ఇంట్లో పెద్ద పనేదీ జరగదు. వెళ్లాను. ఆయన టీ రెండుసార్లు పోయించుకుని మొదలుపెట్టాడు. బండి కొన్న రోజు నుంచీ అది నీది కాదు, వాడలో అందరిదీ అన్నాడు. ఎవరు పోయినా కట్టెలకి నీ బండే, శవపేటికకి నీ బండే, డేరాకి నీ బండే. డీజిల్ మాత్రం ఎవడూ పొయ్యడు. అది నాకూ తెలుసు. ఈ ఊళ్లో శవాల్ని పూడ్చేది శనివారాలే, పికప్ ఉన్నవాడికి ఆ రోజు నిద్రుండదు.

నేను లేచి వస్తుంటే అప్పుడడిగాడు. కెలెబొన్యే, కాగితం ఎవరి పేరు మీద పెడతావ్ అని.

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు.

సెప్టెంబరు 20

ముద్ర నాది. ఆవులు నావి. ఆవులిచ్చి కొన్న బండీ నాదే అవ్వాలి కదా. ఇందులో తప్పేముంది?

సెప్టెంబరు 30, ఆదివారం

మా దేశపు స్వాతంత్య్ర దినం. మైదానంలో పాటలు, పరుగుపందేలు, ఉడికించి దంచిన మాంసం. మొలెఫి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పక్కన ఒక ఆడమనిషి. బస్టాండు దగ్గర నూనెలో కాల్చిన పిండి ఉండలు అమ్ముతుందే, ఒనలెన్నా. నేనూ ఆమె దగ్గర కొన్నాను ఎన్నోసార్లు. వాడికి ఆమెతో ఏడాదిన్నర స్నేహమట. నాకు తెలీదు.

వాడు మాంసం తేవడానికి వెళ్లినప్పుడు ఆమె నా పక్కకి జరిగి మెల్లగా చెప్పింది. నాలుగేళ్లుగా వాడు చుక్క ముట్టలేదట. నాలుగేళ్లు! నెలనెలా వాడికి పిండీ చక్కెరా పంపేదాన్ని నేను. వాడు వచ్చిన ప్రతిసారీ దగ్గరకి రాగానే వాసన చూసేదాన్ని. ఏమీ రాకపోతే ఇవాళ తాగలేదు అనుకునేదాన్నే తప్ప, మానేశాడని ఒక్కనాడూ అనుకోలేదు.

పెళ్లికి ఆమె వాళ్లు ఒప్పుకోవడం లేదు. అక్క మంద కాసేవాడు, వాడికంటూ ఏముంది అంటున్నారట. బండొస్తే మందకి నీళ్లు తోలి, మిగతా పొద్దు కిరాయికి తిప్పుకుంటాడని ఆమె ఆశ. మర్యాదగల మనిషి. నేను కూడా మర్యాదగానే తలూపాను.

అక్టోబరు 1, సోమవారం, సెలవు

పొద్దున్నే అడిగాడు. సెబినా గారికి ఏం చెప్పమంటావక్కా అని. నేను రాత్రే అనుకుని పెట్టుకున్నది చెప్పాను.

"కొందాం. కాగితం మాత్రం నా పేరు మీదే."

వాడు కోపంగా లేడు. కోపపడి ఉంటే నాకు సులువయ్యేది.

"ముద్ర నీది, మంద నీది. నాకు ఎండ ఒక్కటే మిగిలిందక్కా. ఈ ఒక్క కాగితం నా పేరు మీద ఉండనియ్యి."

ఉండనిస్తే పోయేదేముంది? ఒక్క ముక్క. సరేరా అంటే సరిపోయేది. నా నాలుకకి ఆ మాట రాలేదు. "నాన్న తుంటి మర్చిపోయావా?" అన్నాను.

వాడు టోపీ పెట్టుకున్నాడు. గాడిదల్ని కట్టుకున్నాడు. వెళ్లిపోయాడు. టీ పొయ్యి మీదే ఉంది.

అక్టోబరు 2

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అక్టోబరు 15

సెబినా గారు బడి వంటగది దాకా వచ్చాడు. బండికి ఇంకొకరు వచ్చారట. మీ నాన్న మొహం చూసి శనివారం దాకా ఆగుతానమ్మా అన్నాడు.

మందకాడ ఫోన్ అందదు. అటు వెళ్లే లారీవాడితో కబురంపొచ్చు. పంపలేదు. వాడే రావాలి, వాడే అడగాలి అనుకున్నాను. వాడు అడిగేశాడన్న సంగతి నాకు గుర్తులేనట్టు.

అక్టోబరు 20, శనివారం

పికప్ పోయింది. కట్టెల వ్యాపారి ఎవరో కొన్నాడు. సాయంత్రం మా ఇంటి ముందు నుంచే పోయింది, మోయలేనంత కట్టె వేసుకుని.

నిజం రాయాలంటే, చూడగానే ముందు నాకు హాయిగా అనిపించింది. ఇక ఏదీ తేల్చక్కర్లేదు కదా అని.

నవంబరు 3

వాన లేదు.

నవంబరు 17, శనివారం

పశువుల టీకాల వాళ్ల బండిలో చోటు దొరికితే మందకాడికి వెళ్లాను. ఏడు నెలల తర్వాత.

దూరం నుంచి చూసి మా మంద కాదనుకున్నాను. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గాడిదలు రెండు చచ్చిపోయాయి. మిగిలిన రెండిటి పక్కన మొలెఫి తాడు భుజానికేసుకుని పీపాల బండి లాగుతున్నాడు. నా తమ్ముడు, గాడిదల వరసలో.

నన్ను చూసి ఆగాడు. ముందు టీ పెట్టాడు. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి లాక్కొచ్చాడో చూశాను కాబట్టి సగం టీ వాడి వైపే జరిపాను. సెబినా గారికివ్వాలనుకున్న వాటిలో నల్లమచ్చదీ, వంకరకొమ్ముదీ, బూడిదదీ పోయాయి. చూలు పెయ్య ఈనలేక పోయింది. నేను ఇవ్వనని దాచుకున్నవి ఇవి. తోళ్లు కంచె మీద ఆరేసి ఉన్నాయి, నా ముద్ర పైకి కనపడేట్టు. వాడు కావాలని అలా వెయ్యలేదు, నాకు తెలుసు. తోలు ఎలా ఆరబెట్టినా అది కనపడుతుంది.

ఒక్క మాట దెప్పుతాడేమోనని పొద్దంతా చూశాను. బడిలో పిల్లలు బాగున్నారా అని అడిగాడు.

డిసెంబరు 8, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొలెఫి పొద్దున్నే వచ్చాడు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. టోపీ తీసి పక్కన పెట్టి, నేల మీద కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని. పని వదిలి పోయే జీతగాడు యజమాని ముందు అలా కూర్చుంటాడు. లేవరా, ఇదేం పని అన్నాను. లేవలేదు.

మందని అప్పగించాడు. ఒక్కొక్క ఆవునీ రంగుతో, కొమ్ముతో, తల్లితో సహా చెప్పాడు. ఏది ఎప్పుడు ఈనింది, ఏది ఏ రోజు పోయింది. యాభై రెండిట్లో ముప్పై ఒకటి మిగిలాయి. ఎక్కడా తడబడలేదు. పదకొండేళ్లు వాడి తలలో అవే ఉన్నాయి. నేను వాటిని కాగితం మీద తప్ప ఎరగను.

ఘాంజీ వైపు పెద్ద పశువుల ఫారం వాళ్లు డ్రైవర్‌గా తీసుకున్నారట. ఒనలెన్నా కూడా వెళ్తోంది. రేపు పది గంటల బస్సు.

నేను ఏదో అన్నాను. మంద ఎవరు చూస్తారని అన్నట్టున్నాను. అంత జరిగినా నా నోట ముందు వచ్చింది మందే. అప్పుడు వాడు లేచి, టోపీ దులుపుకుని అన్నాడు.

"వేరేవాడినైతే జీతం కింద ఏడాదికో పెయ్య ఇచ్చేదానివక్కా. పదకొండేళ్లు."

తీసుకోరా, ఇప్పుడే తోలుకుపో, పదకొండూ కాదు ఇరవై తోలుకుపో అన్నాను. ఏడుస్తూనే అన్నాను. వాడు నవ్వాడు. ఘాంజీ దాకా నడవగలిగే ఆవు మన మందలో ఒక్కటి చూపించు అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టాడు, వాడే పెద్దోడైనట్టు. వెళ్లాడు.

డిసెంబరు 9

బస్సు దగ్గరికి వెళ్లలేదు. బడిలో వంట ఉందని చెప్పుకున్నాను. ఇవాళ ఆదివారం. పైగా బడికి సెలవులిచ్చి వారమైంది.

డిసెంబరు 25

మేనమామ వచ్చి తిని వెళ్లాడు. ఆడదాని చేతిలో ముద్ర పెడితే ఇలాగే అవుతుందని మీ నాన్నకి అప్పుడే చెప్పానన్నాడు. ఇలాంటి మాటకి ఇంకోసారైతే ఆయన్ని గుమ్మం దాకా తరిమేదాన్ని. ఇంకాస్త మాంసం వడ్డించాను.

ఆడదాన్ని కావడం వల్ల కాదు. అది నాకు తెలుసు. ఆయనకి చెప్పి ఏం లాభం.

జనవరి 19, శనివారం

కొత్త జీతగాడు కుదిరాడు. నెల జీతం, పిండి, చక్కెర, ఏడాదికో పెయ్య అన్నాడు. బేరం ఆడకుండా సరేనన్నాను. అంత సులువుగా ఒప్పుకున్నందుకు అతను నన్ను అనుమానంగా చూశాడు.

బండి లేకుండా ఇక కుదరదు. నేనే కొన్నాను. సెబినా గారి దానికంటే పాతది, నీలం రంగుది. ఎండిన ఆవులకి ధర ఎక్కడుంది? తొమ్మిది పోయాయి దానికి. అమ్మినతనే నడుపుకొచ్చి పెరట్లో పెట్టి తాళాలిచ్చి వెళ్లాడు.

నాకు నడపడం రాదు.

జనవరి 27, ఆదివారం

మొలెఫికి ఫోన్ చేశాను. అందింది. గొంతు బాగుంది. ఒనలెన్నా అక్కడ కూడా పిండి ఉండలు అమ్ముతోందట. పెళ్లి ఈస్టర్ తర్వాతట, ఆమె వాళ్లు ఒప్పుకున్నారు. వానలు పడ్డాయా అని అడిగాడు. రెండు జల్లులు పడ్డాయన్నాను.

బండి కొన్నానని చెప్పాను. ఏ సంవత్సరందక్కా అన్నాడు వెంటనే. గేర్లు గట్టిగా పడుతున్నాయా, పొగ ఏ రంగులో వస్తోంది, టైర్లెలా ఉన్నాయి. ఒక్కదానికీ నాకు జవాబు తెలీదు. తెలీదురా, తెలీదురా అంటూ పోయాను. ఎండలో ఉంచకు, ఆయిల్ చూపించు అన్నాడు. ఎందుకు కొన్నావనీ అడగలేదు, ఎవరు నడుపుతారనీ అడగలేదు.

తిరిగి రారా అని నేనూ అనలేదు. అనడానికి నాకేం హక్కుంది? వాడి పెళ్లికి పదకొండు పెయ్యలూ పంపుతానని మాత్రం చెప్పాను. సరేలే అక్కా, ముందు వాటిని బతకనియ్యి అన్నాడు.

ఫిబ్రవరి 4, సోమవారం

బండి కాగితాలు మార్పించడానికి ఆఫీసుకి వెళ్లాను. ఫారంలో యజమాని అన్నచోట మొలెఫి పేరు రాశాను. అక్షరాలు నిదానంగా, పెద్దవిగా రాశాను.

కౌంటర్లో ఉన్నమ్మాయి చదివి, ఆయన గుర్తింపు కార్డు పట్టుకుని ఆయనే రావాలి, ఆయనే సంతకం పెట్టాలి అంది. మీది చెల్లదమ్మా అంది. ఎప్పుడొస్తారు అని అడిగింది.

తెలీదన్నాను. వెనకున్నవాళ్లు జరగమంటే జరిగాను.