రెండో స్ప్రే

మార్చి 3

చర్చి బేస్‌మెంట్‌లో పాస్టర్ గారి భార్య ఐడా ఉచితంగా పంచుతుంటే ఒక పెట్టె తెచ్చుకున్నాను. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతే ముక్కులో కొట్టే మందు. లోపల రెండు స్ప్రేలు. ఆవిడ అడక్కముందే మా బావమరిది కోసం అనేశాను. నాకు బావమరిదే లేడు. ఆ సంగతి ఈ లోయలో కుక్కలక్కూడా తెలుసు.

మార్చి 4

ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో చేశాను. పనిచేస్తుందో లేదో చూడకుండా ఏ పరికరమూ లోపలికి పట్టుకెళ్లలేదు. అందుకే వంటింట్లో ఒకటి గాల్లోకి నొక్కి చూశాను. భేషుగ్గా చిమ్మింది.

బీన్స్ తింటున్న ట్రెస్సా పడీ పడీ నవ్వింది. అయ్యో నాన్నా, దాంట్లో ఉండేది ఒక్క డోసే, అయిపోయింది పో, అంది. నా మొహం చూసి, పోన్లే, ఇంకోటుందిగా, అయినా నేను మానేశానుగా, అంది. నమ్మాను. నా కూతురు అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

మార్చి 11

ఇంకో పెట్టె తేవాలి. ఈసారి ఐడా నిలదీస్తే? వచ్చే వారం చూద్దాం.

మార్చి 18

చర్చి దాకా వెళ్లాను. బేస్‌మెంట్ మెట్ల మీద జనం. ట్రక్కు దిగకుండానే వచ్చేశాను.

ఏప్రిల్ 2, రాత్రి

సాయంత్రం ఆరింటికి చూస్తే ట్రెస్సా బాత్రూంలో పడి ఉంది. పెదాలు నీలంగా. తల వెనక్కి వంచి ముక్కులో కొట్టాను. నోట్లో నోరు పెట్టి ఊదాను. కాసేపటికి దగ్గింది. నాన్నా అంది. మళ్లీ కళ్లు మూతలు పడ్డాయి.

ఫోన్లో ఉన్న అంబులెన్స్ అమ్మాయి రెండోది కొట్టమంది. లేదన్నాను. పెట్టెలో రెండుంటాయి సార్, సరిగ్గా చూడండి, అంది. ఊదుతూనే ఉన్నాను. మా వెస్ట్ వర్జీనియా కొండ దారిలో అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఏప్రిల్ 3

పోయింది.

ఏప్రిల్ 9

మట్టి చేసి వచ్చాం. గనిలో నాతో పాటు చేసిన డెల్మర్ భుజం పట్టుకుని, నీ చేతనైనదంతా చేశావురా, అన్నాడు. తల ఊపాను. పరువు కోసం కన్నబిడ్డను చంపుకున్నవాణ్ణి.

ఏప్రిల్ 22

ఇంకెవరి బిడ్డకైనా అక్కరకొస్తుందని పెట్టె కోసం బేస్‌మెంట్ క్యూలో నిలబడ్డాను. నా ముందు డెల్మర్. ఎవరికని ఐడా అతన్నీ అడగలేదు, నన్నూ అడగలేదు.